వసారాలో గుంట

"నీళ్ళు పొయ్యడానికి లేదు. ఇంట్లోకి దించడానికీ లేదు. బండిలోంచి తిన్నగా ఖబరస్తాన్‌కే."

ఫోన్‌లో నబీ సాహెబ్ గొంతు తేటగా వినిపించింది. స్పీకర్ పెట్టి అరచేతిలో పట్టుకున్న మీరాబీ ఆ మాట విన్నాక కూడా ఫోన్ వంకే చూస్తూ ఉండిపోయింది. భర్త వేరే ఎవరింటి సంగతో మాట్లాడుతున్నాడనుకుందేమో.

తెనాలిలో ఆ వీధి మొత్తం మీద ఎవరింట్లో మనిషి పోయినా గుసుల్ స్నానం చేయించడానికి నబీ సాహెబ్‌నే పిలుస్తారు. శవానికి పోసే నీళ్ళలో ఒక్క చెంబు తక్కువైనా ఒప్పుకోడని ఆయనకు పేరు. అలాంటి మనిషి ఇవాళ కన్నకొడుకును కడగకుండా మట్టిలో పెడదామంటున్నాడు.

"నా బిడ్డ మొహం నేను చూడాలి," అంది మీరాబీ.

"వద్దు. అన్ని రోజులు నీళ్ళలో ఉన్న మనిషి. చూశావంటే నీకు చచ్చేదాకా ఆ మొహమే గుర్తుంటుంది."

"ఉండనీ."

అవతల ఎదురొచ్చిన ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత కోడల్ని పిలవమన్నాడు. మీరాబీ ఫోన్‌ని ఫిర్దోస్ వైపు తిప్పింది గానీ చేతికి ఇవ్వలేదు.

"అమ్మా ఫిర్దోస్, బాపట్లలో బయల్దేరాం. గంటలో వచ్చేస్తాం. ఎవరేం అడిగినా ఒకటే మాట. నేను గుర్తుపట్టాను, సంతకం పెట్టాను. మీ అత్తయ్య బండి దగ్గరికి రాకుండా నువ్వు చూసుకో."

"సరే మామయ్యా," అంది ఫిర్దోస్. నిన్న సాయంత్రం నుంచి ఆమె నోట్లోంచి ఆ రెండు మాటలు తప్ప మూడోది రావడం లేదు.

తొమ్మిది రోజుల కిందట లారీ డ్యూటీ దిగి, బైకు తీసుకుని ఇంటి నుంచి వెళ్ళాడు ఆమె భర్త నౌషాద్. ఆ బైకు రేపల్లె అవతల పెనుమూడి వంతెన మీద దొరికింది, తాళం చెవి దానికే వేలాడుతూ. నిన్న సూర్యలంక ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చిందని కబురొస్తే నబీ సాహెబ్ ఒక్కడే బాపట్ల వెళ్ళాడు. తోడు వస్తామన్న వాళ్ళందరినీ కసిరి ఆపేశాడు. చీకటి పడకముందే ఫోన్ చేసి, "మనవాడే," అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

వీధిలో షామియానా వేశారు. ముందు వరసలో ఎర్ర కుర్చీలో ప్రభుదాస్ కూర్చుని ఉన్నాడు. పన్నెండింటికి వచ్చిన మనిషి కదలలేదు. అతను రైస్ మిల్లు గుమస్తా. ఆ మిల్లు యజమాని కొడుకే రెండు నెలల కిందట, రేపల్లె రోడ్డు పక్కన ధాన్యం ఆరబోస్తున్న ఇద్దరు కూలి ఆడవాళ్ళ మీదికి కారు ఎక్కించాడు. డ్రైవరే తోలాడని పోలీసుల ముందు ఒక అమాయకుణ్ణి నిలబెట్టారు. కాదు, తోలింది యజమాని కొడుకే, నేను కళ్ళారా చూశానని చెప్పిన మనిషి ఒక్కడే. నౌషాద్.

ఆ తర్వాత ఇంటికి ఎన్ని బెదిరింపు ఫోన్లు వచ్చాయో ఫిర్దోస్‌కు తెలుసు. వచ్చే సోమవారం కోర్టులో సాక్ష్యం. ఇప్పుడు ప్రభుదాస్ పరామర్శకు వచ్చాడు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, వీధి మలుపు వైపే చూస్తున్నాడు. శవాన్ని కళ్ళారా చూసి వెళ్ళి యజమానికి చెప్పాలి కదా.

వెనక వసారాలోంచి పిల్లల గొంతులు వినిపించాయి. మీరాబీ తల తిప్పింది. చావింట్లో కేకు మీద ఆ క్రీములేంటి, ఆ రంగులేంటి అని పొద్దున్నుంచి రెండుసార్లు గొణిగింది. పక్కింటి వసుంధర సర్దిచెప్పింది, పసిపిల్ల పిన్నిగారూ, అక్కడుంటే ఇక్కడికి రాకుండా ఉంటుంది అని.

నిజానికి ఆ కేకు రేపల్లెకు వెళ్ళాల్సింది. అక్కడి ఆదిలక్ష్మిగారి కొత్తింటి గృహప్రవేశం రేపు. తన ఇంటి ఫొటో పంపి అచ్చం అలాగే కావాలని అడిగింది. ఫిర్దోస్ ఇంట్లో కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టి మూడేళ్ళయింది గానీ ఇల్లు కట్టడం ఇదే మొదలు. అడ్వాన్సు ముందే తీసుకుంది గనక ఏడుస్తూనే మొన్న రాత్రి స్పాంజి కాల్చి, గోడలు కోసి, క్రీముతో అతికించి, ముందు వసారాకు ఒక మందపాటి పలక పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. తెల్లవారితే శవం కబురు. ఇక చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలగదు, అన్నం వసుంధర ఇంటి నుంచే వస్తోంది. ఆదిలక్ష్మికి ఫోన్ చేసి కేకు రాదని చెప్పింది కూడా వసుంధరే. ఆ ఇల్లు తీసి పిల్లల ముందు పెట్టి, మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండర్రా అంది.

ఫిర్దోస్ లేచి వెనక్కి నడిచింది. పిల్లల్ని కాస్త నెమ్మదిగా ఉండమని చెబుదామని.

వసుంధర కొడుకు జశ్వంత్‌కు తొమ్మిదేళ్ళు. బిస్కెట్లు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కించి పైకప్పు నేస్తున్నాడు. మేస్త్రీలా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఎదురుగా ఆరేళ్ళ సిమ్రాన్ చెంచా పట్టుకుని వంగి ఉంది. జుట్టుకు, ముక్కుకు, గౌనుకు క్రీము.

"ఆంటీ, చూడండి మీ అమ్మాయి. మంచి వసారాలో గుంట తవ్వేసింది," అన్నాడు జశ్వంత్. "గృహప్రవేశానికి వచ్చినోళ్ళు అందులో పడరా?"

ఫిర్దోస్ చూసింది. గుంట నిజంగానే ఉంది. వసారా పలక మధ్య, చెంచా లోతున, నలుచదరంగా.

పొద్దున్నుంచి మగవాళ్ళు అదే మాట మాట్లాడుతున్నారు. గుంట తవ్వారా, ఎంత లోతు తవ్వారు, మట్టి మెత్తగా ఉందా అని. పిల్ల చెవిన పడింది కాబోలు. గుంటలో పంచదార ముద్దతో చేసిన ఒక మనిషి కూడా ఉన్నాడు. నడుం దాకా లోపల, నడుం పైన బయట.

"ఎందుకు తల్లీ ఈ గుంట?"

"కూర్చోడానికి," అంది సిమ్రాన్, తలెత్తకుండా.

"గుంటలో కూర్చుంటారా ఎవరైనా?"

"కాళ్ళు లోపల పెట్టుకుంటారమ్మీ. కింద చెక్కలుంటాయి. ఇట్లా తొక్కితే పైన టకటకా అంటది."

అప్పుడు కనిపించింది ఫిర్దోస్‌కు, ఆ మనిషి ముందు సిమ్రాన్ సేమియా పుల్లలు పరిచి ఉంచింది. ఒకదాని పక్కన ఒకటి, వేలు దూరకుండా, పడుగు దారాల్లా. బొమ్మ రెండు చేతులూ ఆ పుల్లల మీద ఉన్నాయి.

గుంట మగ్గం. మామగారు ముప్పై ఏళ్ళుగా వేటపాలెం నేతగాళ్ళ దగ్గర చీరలు తెచ్చి అమ్ముతాడు గనక ఆ మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చూసింది మాత్రం ఆయనొక్కడే. ఫిర్దోస్‌కు మడత పెట్టిన చీరలు తెలుసు, మగ్గం తెలీదు. మరి పిల్లకు ఎలా తెలిసింది? మొన్న ఆదివారం పిల్లకు మనసు మళ్ళుతుందని తాతే వెంటబెట్టుకుని వేటపాలెం తీసుకెళ్ళాడు. అదీ సంగతి అనుకుని ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి పూర్తికాకముందే జశ్వంత్ అన్నాడు. "అది వాళ్ళ నాన్నంట ఆంటీ. మీసాలు పెట్టవే అంటే పెట్టట్లేదు. నౌషాద్ అంకుల్‌కి ఎంతెంత మీసాలు."

"ఇప్పుడు లేవు," అంది సిమ్రాన్. "గీసేశాడు."

ఫిర్దోస్ పక్కనే ఉన్న పీట మీద కూర్చుంది.

"ఎప్పుడు చూశావు?"

సిమ్రాన్ టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెదాలకు కొత్తగా క్రీము అంటింది. "దాదా చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు కదా అమ్మీ. బొమ్మ చేశా, అంతే."

"ఆదివారమా?"

తల ఊపింది.

ఒక్కో మాటా ముల్లు తీసినట్టు తీసింది ఫిర్దోస్. అబ్బా, అంటే వాళ్ళ నాన్న, వేటపాలెంలో చీరలు నేసే వెంకటరత్నం తాత ఇంట్లో ఉన్నాడు. లుంగీ కట్టుకున్నాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని బాగా ఏడ్చాడు. మళ్ళీ వెళ్ళి గుంటలో కూర్చున్నాడు. ఆయనకు పని రాదు, దారం తెగ్గొడుతున్నాడు, వెంకటరత్నం తాత తిడుతున్నాడు, లారీ అనుకున్నావా నెమ్మదిగా తొక్కు అని.

ఆ తిట్టు దగ్గర ఫిర్దోస్‌కు అనుమానం మొత్తం తీరిపోయింది. ఆరేళ్ళ పిల్ల ఆ మాట అల్లలేదు.

సంతోషం రాలేదు. రావాలి కదా, మొగుడు బతికున్నాడు. దాని బదులు ప్రశ్నలొచ్చాయి. పెనుమూడి వంతెన మీద బైకు పెట్టింది ఎవరు? ఏడుస్తూ పోలీసులకు కాగితం ఇచ్చింది ఎవరు? తొమ్మిది రోజులు తను గోడకు తల కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని నీళ్ళు తాగించింది ఎవరు?

ఆ తర్వాత అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే చల్లగా ఇంకో ప్రశ్న వచ్చింది. అయితే బండిలో వస్తున్నది ఎవరు?

జశ్వంత్ బిస్కెట్ చేతిలో పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. వాడు కూడా విన్నాడు. వాడు వీధిలోకి వెళ్ళి ఒక్క మాట అంటే చాలు.

"జశ్వంత్," అంది.

"నాకు తెలుసాంటీ," అన్నాడు వాడు పెద్దమనిషిలా, గొంతు తగ్గించి. "మా తాతయ్య పోయినప్పుడు నాకూ కనిపించాడు. ఇడ్లీ కూడా తిన్నాడు. ఎవరికీ చెప్పకూడదు, ఏడుస్తారు."

ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది. ఇంకేం చెయ్యాలో తెలియక.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు."

గుమ్మంలో ప్రభుదాస్. ఎప్పుడొచ్చాడో తెలీదు. చెప్పులు బయట విడిచాడు, అందుకే అలికిడి కాలేదు. అతని చూపు ఫిర్దోస్ మీద లేదు. కేకు మీద ఉంది.

"బాగా చేశారే పిల్లలు," అంటూ ఒకడుగు లోపలికి వేశాడు. "ఈ వసారాలో కూర్చున్నదెవరు పాపా?"

సిమ్రాన్ నోరు తెరిచింది.

ఫిర్దోస్ చెయ్యి ముందుకు పోయింది. గుంటలోంచి ఆ మనిషిని తీసి నోట్లో వేసుకుంది. తల, చేతులు, మొండెం ఒకేసారి. పంచదార పళ్ళకు కరుచుకుపోయింది. నమిలింది. మింగింది.

ప్రభుదాస్ కనుబొమలు పైకి లేచి అలాగే ఉండిపోయాయి. మొగుడి శవం దారిలో ఉండగా మిఠాయి తింటున్న ఆడదాన్ని అతను మొదటిసారి చూస్తున్నాడు.

"పొద్దున్నుంచి ఏం తినలేదండి," అంది ఫిర్దోస్. "కళ్ళు తిరుగుతున్నాయి."

"పర్లేదమ్మా. ఆకలి ఎవరికైనా ఆకలే," అన్నాడతను మెల్లగా. కానీ కళ్ళు గుంట దగ్గరే ఉన్నాయి, సేమియా పుల్లల దగ్గర. ఆమె గిన్నెలోని క్రీము గరిటెతో తీసి గుంట నింపేసి, పుల్లల్ని అందులోకే తోసేసింది.

అప్పుడు ఏడ్చింది సిమ్రాన్. "అమ్మీ అబ్బాను తినేసింది," అని వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ముందు గదిలో ఆడవాళ్ళు, తండ్రి కోసం పిల్ల ఏడుపు అనుకుని తామూ గొల్లుమన్నారు. ప్రభుదాస్ నీళ్ళు తాగి, గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. అతనికి ఎంత అర్థమయిందో ఆ మొహం చెప్పలేదు.

పావుగంటలో బండి వచ్చింది.

నబీ సాహెబ్ ముందు సీట్లోంచి దిగి ఎవరితోనూ మాట్లాడకుండా కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పంపు దగ్గరికి వచ్చాడు. ఫిర్దోస్ తువ్వాలు పట్టుకుని అక్కడే ఉంది. పంపు ధారగా తిప్పి, ఆ చప్పుడులో అంది.

"సిమ్రాన్ చెప్పింది."

ఆయన చేతులు నీళ్ళ కింద ఆగిపోయాయి. ఒక్క రోజులో పదేళ్ళు పైబడ్డ మొహం.

"మీ అత్తయ్యకు తెలుసా?"

"లేదు."

"తెలియకూడదు. ఆమె ఏడుపు చూసే ఆ మిల్లు వాళ్ళు నమ్మాలి."

ఫిర్దోస్ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పదకొండేళ్ళుగా మామయ్యా అని పిలిచిన మనిషి ఇతనేనా? నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య గుండెను పావులా వాడుకుంటున్నాడు, అదీ కొడుకును బతికించుకోవడానికి.

"వాణ్ణి దాచిపెడదామనే అనుకున్నానమ్మా, అంతే. ఇంతలో బాపట్ల నుంచి కబురొచ్చింది. మొహం లేని శవం, అడిగేవాళ్ళు లేరు. అల్లాయే దారి చూపించాడనుకున్నా."

"ఎవరు మామయ్యా అతను?"

"దిక్కులేనివాడు."

"దిక్కు లేదని మీకెవరు చెప్పారు?"

ఆయన తువ్వాలు అందుకోలేదు. తడి చేతుల్తోనే వీధిలోకి నడిచాడు.

బండి చుట్టూ మగవాళ్ళు చేరారు. మీరాబీని వసుంధరా, ఇంకో ఇద్దరూ కలిసి గుమ్మం దాటనీకుండా పట్టుకున్నారు. ఇక బండి ఖబరస్తాన్‌కు తిప్పమని నబీ సాహెబ్ డ్రైవర్‌కు సైగ చేస్తుండగా, ఒక ఆటో వచ్చి బండికి అడ్డంగా ఆగింది.

అందులోంచి ఒక ముసలావిడ దిగింది. నూలు చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. పేరు ఈశ్వరమ్మ అని, రేపల్లె నుంచి వస్తున్నానని, కొడుకు నరేష్ పడవ మీద పనికి వెళ్ళి ఎనిమిది రోజులైనా ఇంటికి రాలేదని అడక్కుండానే చెప్పింది. బాపట్ల వెళ్ళేసరికి అప్పుడే తీసుకెళ్ళారన్నారట. అడ్రసు కనుక్కుని వెంటనే తెనాలి రైలెక్కిందట.

"మీవాడే అయ్యుంటాడు బాబూ. నాకు తగువేం లేదు," అంది నబీ సాహెబ్‌కు దణ్ణం పెట్టి. "మొహం అక్కర్లేదు. ఎడమకాలు చూపించండి చాలు. నా కొడుక్కి చిటికెన వేలుండదు. చిన్నప్పుడు సైకిలు చైనులో పడి పోయింది. అయిదు వేళ్ళూ ఉంటే నా దారిన నే పోతా."

నబీ సాహెబ్ మొహంలో రక్తం లేదు. ఆయన ఆ కాలు ముందే చూశాడు. ఫిర్దోస్‌కు అది తెలిసిపోయింది.

"కఫన్ గుడ్డ కట్టేశాక విప్పకూడదమ్మా. మా దగ్గర అంతే," అన్నాడు.

"కాలేగా సాహెబ్ గారూ," అన్నాడు ప్రభుదాస్, షామియానా కింద నుంచి లేచి. గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "కన్నతల్లి అడుగుతోంది. చూపిస్తే మీకూ పుణ్యమే."

నలుగురూ అవునన్నారు. ఇంకో నలుగురు తప్పన్నారు. ఆ గొడవలో ఫిర్దోస్ ముందుకు వచ్చింది. "నేను చూసి చెప్తానండి. భార్యను. నేను చూడొచ్చు."

ఎవరూ కాదనలేకపోయారు. ఆమె బండి మెట్టు మీద కాలు పెడుతుంటే నబీ సాహెబ్ సాయం పట్టుకున్నట్టు మోచెయ్యి పట్టుకున్నాడు. పెదాలు కదిలీ కదలనట్టు అన్నాడు.

"నిజం చెప్తే నీ మొగుడు నిజంగానే పోతాడమ్మా."

లోపల మందుల వాసన, దాని కింద ఇంకో వాసన. ఫిర్దోస్ దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని కాళ్ళ వైపు కట్టిన ముడి విప్పింది. తెల్ల గుడ్డ తొలగించింది.

నాలుగు.

మళ్ళీ చూసింది. నాలుగే.

"ఏమ్మా," అన్నాడు ప్రభుదాస్ వెనక నుంచి. "మీ ఆయనేనా?"

"వేళ్ళెన్నమ్మా?" అంది ఈశ్వరమ్మ. ఆమె బండి అంచు పట్టుకుని నిలబడి ఉంది. తలుపు ఎత్తుకు ఆమె కళ్ళు అందడం లేదు. చెయ్యి మాత్రం అందుతుంది.

అయిదు అంటే ఈ ముసలావిడ సంచి పట్టుకుని రేపల్లె వెళ్ళిపోతుంది. రోజూ గుమ్మంలో కూర్చుని దారి చూస్తుంది, కళ్ళు పోయేదాకా. నాలుగు అంటే ప్రభుదాస్ ఫోన్ తీస్తాడు. మగ్గం ఏ ఊళ్ళో ఉందో కనుక్కోవడానికి వాళ్ళకు ఒక్క రోజు కూడా పట్టదు.

ఫిర్దోస్ అయిదూ అనలేదు, నాలుగూ అనలేదు.

వీపు ప్రభుదాస్ వైపు తిప్పింది. దుపట్టా వెడల్పుగా విప్పి తలుపుకు అడ్డం వచ్చేలా భుజాల మీద వేసుకుంది. వంగి, ఈశ్వరమ్మ చెయ్యి పట్టుకుని, ఆ చేతిని గుడ్డ కిందికి లాగింది.

గరుకైన వేళ్ళు చల్లటి పాదం మీద తడుముకుంటూ వెళ్ళాయి. బొటనవేలు. దాని పక్కది. దాని పక్కది. ఇంకొకటి. ఆ తర్వాత మొద్దుబారిన పాత మచ్చ మీద ఆగిపోయాయి.

ఫిర్దోస్ ఆమె కళ్ళలోకి చూసింది. చెప్పడానికి మాట లేదు, చెప్పే వీలూ లేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది, అడుక్కుంటున్నట్టు.

ఈశ్వరమ్మ చెయ్యి తియ్యలేదు. వీధి మొత్తం చూస్తుండగా నోరు తెరిచింది.

ఆ నోట్లోంచి కొడుకు పేరు వస్తుందో, అయిదు అన్న మాట వస్తుందో ఫిర్దోస్‌కు తెలియదు.